ఉదహరింపుల లెక్కకు అందని సుబ్బారావు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మృత్యర్థం సారంగాపూర్‌లో చేసిన ఉపన్యాసానికి ముద్రిత పాఠం)



సుబ్బారావు గారి స్మృతికి అంకితమైన ఉపన్యాసాన్ని ఏ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనో కాక జగిత్యాల ప్రాంతంలోని సారంగాపూర్‌లో ఏర్పాటు చేయడం ఎంతో ఉచితంగా ఉంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. బోస్టన్‌లో పరిశోధన నేర్చారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి సారథిగా ఉండగా, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈ ఊరి పేరు ఆయన విని ఉండరు. అయినా ఆయన చేసిన పని ఈ మండలంలో ప్రతి గడపకూ వచ్చింది. ఎలా వచ్చిందో కాసేపట్లో మనవి చేస్తాను.

కణ సంకేతాల పరిశోధనలో ఒక శాస్త్రవేత్త కృషి, ఆ కృషికి లభించిన ఉదహరింపులు: ఇదీ నా ఉపన్యాస విషయం. ఒక పరిశోధన పత్రాన్ని తర్వాతి వారు ఎన్నిసార్లు తమ పత్రాల్లో పేర్కొన్నారన్నదే ఉదహరింపుల లెక్క, ఇంగ్లీషు వాడుకలో సైటేషన్. ఇవాళ అధ్యాపకుని నియామకం, పదోన్నతి, పరిశోధనకు నిధులు, విశ్వవిద్యాలయానికి ర్యాంకు, అన్నీ ఆ అంకె చుట్టూ తిరుగుతున్నాయి. ఆ లెక్కను నేను తోసిపుచ్చడం లేదు. ఒక పని ఇతరులకు పనిముట్టుగా మారిందనడానికి అది తొలి సాక్ష్యం. కానీ ఆ పనిముట్టు అందరి చేతికీ అలవాటైన రోజున దాన్ని చేసినవారి పేరు చెప్పుకోవడం ఆగిపోతుంది, లెక్క కూడా అక్కడే ఆగిపోతుంది. అత్యధికంగా ఉపయోగపడిన పనే ఈ లెక్కకు అందకుండా పోతుందన్నది నా ప్రతిపాదన. దీనికి సుబ్బారావు గారి జీవితాన్ని మించిన నిదర్శనం నాకు కనిపించలేదు.

మనకు బాగా తెలిసిన పదార్థంతో మొదలుపెడదాం. దుక్కిలో డీఏపీ వేసే రైతుకు భాస్వరం గురించి నేను కొత్తగా చెప్పవలసింది లేదు. పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, జగిత్యాల సన్నాలను దేశానికి ఇచ్చిన ఆ సంస్థ, ఇక్కడికి దగ్గరే. ఏ భూసార పరీక్ష కేంద్రంలోనైనా భాస్వరాన్ని కొలిచే తీరు ఒక్కసారి గమనించండి. మట్టి నుంచి తీసిన ద్రావణానికి అమోనియం మొలిబ్డేట్ కలుపుతారు. తర్వాత ఒక క్షయకరణి కలుపుతారు. గాజు గొట్టంలో నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే భాస్వరం అంత ఎక్కువ. ఈ నీలిరంగు పందొమ్మిదో శతాబ్దపు రసాయనికులకే తెలుసు. అయితే చుక్క రక్తంలో, చిటికెడు కండరంలో ఉండే అతి కొద్ది ఫాస్ఫేటును నమ్మకంగా, త్వరగా కొలిచే పద్ధతిగా దాన్ని తీర్చినవారు హార్వర్డ్ వైద్య కళాశాలలోని సైరస్ ఫిస్క్, ఆయన దగ్గర పని చేస్తున్న మన సుబ్బారావు. ఆ పద్ధతి 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో అచ్చయింది. ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా అప్పటి నుంచీ ప్రసిద్ధం.

అందులో ఏం చేశారో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాతి కథ అంతా ఆ గొట్టంలోనే ఉంది. రక్తం నుంచి ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో ప్రోటీన్లను పేరబెట్టి వడకడతారు. వడిసిన తేట ద్రవానికి గంధకామ్లంలో కరిగించిన మొలిబ్డేట్ చేరుస్తారు. ఫాస్ఫేటు దానితో కలిసి ఫాస్ఫోమొలిబ్డేట్ అవుతుంది. పాత పద్ధతిలో క్షయకరణిగా హైడ్రోక్వినోన్ వాడేవారు, రంగు నిలకడగా ఉండేది కాదు. వీరు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ఎంచుకున్నారు. కొద్ది నిమిషాల్లో రంగు వచ్చి నిలిచింది. ఇక కొలవడం: డ్యూబాస్క్ కలరీమీటరులో పక్కపక్కన రెండు గిన్నెలు, ఒకదానిలో పరిమాణం తెలిసిన ద్రావణం, మరొకదానిలో తెలియనిది. కంటి కటకంలో వృత్తం రెండు సగాలుగా కనిపిస్తుంది. ద్రవపు లోతును మరతో పెంచుతూ తగ్గిస్తూ, రెండు సగాల నీలం ఒక్కటయ్యే వరకు తిప్పాలి. ఎవరి పేరు ప్రఖ్యాతులతోనూ పని లేకుండా, ఎవరు తిప్పినా అదే జవాబు రావాలి. మంచి పద్ధతి అంటే అదే.

ఈ పద్ధతిని కండరపు ద్రావణం మీద ప్రయోగించినప్పుడు ఒక వింత జరిగింది. రంగు రావలసిన వేగంతో రాలేదు. మొదట కొంత వచ్చి, తర్వాత నెమ్మదిగా చిక్కబడుతూ పోయింది. ఇలాంటి చోట చాలామంది పరికరాన్ని తప్పుపడతారు, లేదా పది నిమిషాలు ఆగి కొలిచి అంకె రాసుకుంటారు. ఫిస్క్, సుబ్బారావు ఆ ఆలస్యాన్నే పట్టుకున్నారు. ఆమ్లంలో తనంతట తాను విడిపోతూ ఫాస్ఫేటును కొద్దికొద్దిగా వదిలే పదార్థం ఏదో కండరంలో ఉండాలి. అంతకుముందు అందరూ స్వేచ్ఛగా ఉన్న ఫాస్ఫేటుగా లెక్కవేసినదానిలో చాలా భాగం నిజానికి క్రియాటిన్‌తో ముడిపడి ఉందని 1927లో ప్రకటించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా అదే కాలంలో ఆ అస్థిర పదార్థాన్ని గుర్తించారు. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, మన పిల్లలు పాఠ్యపుస్తకంలో ఏటీపీగా చదివేది, ఇదే ప్రయోగశాలలో బయటపడింది. కొద్ది వారాల ముందు జర్మనీలో కార్ల్ లోమన్ దాన్ని ప్రకటించారు. కాబట్టి ఆ కీర్తి ఇరువైపుల వారిదీ. మనవారనే అభిమానంతో చరిత్రను ఒక వైపుకు లాగనక్కరలేదు.

కండరం లాక్టిక్ ఆమ్లం వల్లే సంకోచిస్తుందన్న భావన అప్పట్లో రాజ్యమేలుతోంది. కండరాల మీద చేసిన కృషికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా ఆపినా కండరం సంకోచిస్తుందని 1930లో డెన్మార్కుకు చెందిన లుండ్స్‌గార్డ్ చూపారు. అక్కడ ఖర్చవుతున్నది ఫాస్ఫోక్రియాటిన్. ప్రాణి చేసే ప్రతి పనికీ చెల్లుబడి అయ్యే నాణెం ఫాస్ఫేటే అన్న అవగాహన 1941లో ఫ్రిట్జ్ లిప్మన్ వ్యాసంతో స్థిరపడింది.

ఇంతవరకు శక్తి కథ. సంకేతాల కథ ఇక్కడి నుంచి మొదలవుతుంది, అదీ ఫాస్ఫేటుతోనే.

భయం వేసినప్పుడు రక్తంలోకి అడ్రినలిన్ వస్తుంది. కాలేయం తనలో దాచుకున్న పిండిపదార్థాన్ని చక్కెరగా విడుదల చేస్తుంది. అడ్రినలిన్ కణం లోపలికి వెళ్లదు. మరి బయటి కబురు లోపలికి ఎలా చేరింది? 1950లలో ఎర్ల్ సదర్‌లాండ్ ఈ ప్రశ్న వెంట పడ్డారు. కాలేయంలో ఆ పిండిపదార్థాన్ని విడగొట్టే ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైము క్రియాశీలత కోల్పోయేటప్పుడు దాని నుంచి ఫాస్ఫేటు విడివడుతోందని ఆయన, వాసిలైట్ కలిసి 1955లో చూపారు. అదే ఏడాది సియాటెల్‌లో ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ కండరంలోని అదే ఎంజైమును మేల్కొల్పడానికి ఏటీపీ కావాలని గుర్తించారు. రెండు వేళ్లూ ఒకే చోటును చూపాయి. ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటును తీసి ప్రోటీను మీద అతికిస్తే అది పని మొదలుపెడుతుంది, ఊడదీస్తే మానేస్తుంది. మరికొన్ని ప్రోటీన్లలో ఇది తలకిందులుగా జరుగుతుంది. తర్వాత సదర్‌లాండ్ కనుగొన్న దూత అణువు, సైక్లిక్ ఏఎంపీ, అదీ ఏటీపీ నుంచి తయారయ్యేదే. సదర్‌లాండ్‌కు 1971లో, ఫిషర్, క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ వచ్చింది. ఇలా ఫాస్ఫేటు అతికించే ఎంజైములకు మన జన్యువుల్లో సుమారు 500 నమూనాలున్నాయని మానవ జీనోము తెరుచుకున్నాక లెక్క తేలింది. ఇన్సులిన్ పనిచేసినా, గాయం మానినా, తెల్లరక్తకణం క్రిమిని గుర్తించినా ఈ ఎంజైముల చేతుల మీదుగానే జరుగుతుంది.

ఈ సంకేతం ఆరిపోకుండా నిలిచిపోతే క్యాన్సర్. ఆ సంగతి అణువు స్థాయిలో తేలిన ఘట్టంలో కూడా ఒక తెలుగు పేరు ఉంది. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి 1982 నవంబరులో 'నేచర్'లో అచ్చయిన ఒక పత్రానికి మొదటి రచయిత. మేరియానో బార్బసిడ్ బృందంతో చేసిన పని అది. మూత్రాశయ క్యాన్సర్ కణాల్లోని రాస్ జన్యువుకూ, ఆరోగ్యకరమైన రాస్ జన్యువుకూ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ అక్షరం మారడంతో ప్రోటీనులో పన్నెండో స్థానంలో గ్లైసీన్ బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. రాబర్ట్ వైన్‌బర్గ్, మైకేల్ విగ్లర్ బృందాలు కూడా ఇంచుమించు అదే సమయంలో అదే సత్యాన్ని ప్రకటించాయి. రాస్ ప్రోటీను జీటీపీ అనే అణువును పట్టుకున్నంతసేపూ కణానికి పెరగమని చెబుతుంది. జీటీపీ చివరి ఫాస్ఫేటును తెంచాక ఊరుకుంటుంది. పన్నెండో స్థానంలో వాలీన్ ఉన్న రాస్ ఆ ఫాస్ఫేటును తెంచలేదు, అందుకే ఆజ్ఞ ఆగదు. 1925లో గాజు గొట్టంలో కొలిచిన ఆ చిన్న అణుసమూహమే 57 ఏళ్ల తర్వాత క్యాన్సర్‌కు తాళంచెవిగా కనిపించింది. ప్రేమ్‌కుమార్ రెడ్డి తర్వాత 1987లో మొదలైన 'ఆంకోజీన్' పత్రికకు వ్యవస్థాపక సంపాదకుల్లో ఒకరయ్యారు. రాస్ కుటుంబంలో పన్నెండో స్థానపు మార్పును నేరుగా పట్టుకునే మొదటి మందు, సోటోరాసిబ్, అమెరికాలో అనుమతి పొందింది 2021లో. ఆవిష్కరణకూ మందుకూ నడుమ దాదాపు నాలుగు దశాబ్దాలు. ఏటేటా అంకెలు అడిగే అధికారులు ఈ వ్యవధిని మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను 1964లో వెలువరించారు. ఏ పత్రాన్ని ఎవరు పేర్కొన్నారో వెతకడానికి అది ఒక సూచిక. పాత భావాల వంశవృక్షం తెలుసుకోవడానికి ఉద్దేశించిన సాధనం. మనుషులను తూచే తక్కెడగా మారింది తర్వాతే. అప్పటికి సుబ్బారావు గారు పోయి పదహారేళ్లు. తన పని ఎన్నిసార్లు ఉదహృతమైందో ఆయనకు ఎన్నడూ తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేసే స్వభావమూ ఆయనది కాదు.

ఆ సూచిక బయటపెట్టిన నిజం పండితులను ఆశ్చర్యపరిచింది. పత్రాలను ఉదహరింపుల క్రమంలో పేర్చితే పైన నిలిచేవి మహా సిద్ధాంతాలు కావు, కొలత పద్ధతులు. ప్రోటీనును కొలిచే విధానం మీద ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసిన పత్రానికి, 2014లో 'నేచర్' పత్రిక లెక్క తీసే నాటికి, మూడు లక్షలకు పైగా ఉదహరింపులున్నాయి. డీఎన్ఏ జంటమెలిక నిర్మాణాన్ని చెప్పిన వాట్సన్, క్రిక్‌ల 1953 నాటి పత్రం ఆ జాబితాలో మొదటి నూరింటిలోనే లేదు. ఫిస్క్–సుబ్బారావు పత్రం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉదహృతమైన పత్రాల సరసన దశాబ్దాల పాటు నిలిచింది. దీన్ని ఎంతమంది ఉపయోగించుకున్నారో ఊహించడానికి ఒక్క ఉదాహరణ. కొవ్వుల్లోని భాస్వరాన్ని కొలవడానికి బార్ట్‌లెట్ 1959లో ఈ పద్ధతికి ఒక మార్పు చేశారు. ఆ మార్పు చెప్పిన పత్రమే మళ్లీ వేల ఉదహరింపులు పొందింది. అంటే ఆ తర్వాత ఫాస్ఫోలిపిడ్లు కొలిచిన ఎందరో బార్ట్‌లెట్ పేరు రాశారు. నీలిరంగు మాత్రం అదే.

ఆ తర్వాతి తరం బార్ట్‌లెట్ పేరు కూడా రాయడం మానేసింది. తయారుగా దొరికే రీజెంటు సీసా కొని, పెట్టె మీది సూచనలు పాటించి, కంపెనీ పేరు పత్రంలో రాసుకుంటున్నారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ పరిణామాన్ని ఎప్పుడో గుర్తించారు. ఒక భావం శాస్త్రంలో పూర్తిగా కలిసిపోయినప్పుడు దాని మూలం చెరిగిపోతుందని ఆయన వివరించారు. గార్ఫీల్డ్ కూడా దాన్ని ఒప్పుకుని, తన సూచికకు ఉన్న హద్దుగా చెప్పారు. ఏటీపీ సంగతి చూడండి. కణ సంకేతాల మీద ఏటా వెలువడే వేల పత్రాల్లో ఏటీపీ లేని పుట అరుదు. ఆ పత్రాల చివర ఫిస్క్, సుబ్బారావు, లోమన్‌ల 1929 నాటి పత్రాలు పేర్కొన్నది ఎక్కడుంది? ఎందుకు పేర్కొనాలి? నీటిని గురించి రాసేవారు హైడ్రోజన్‌ను కనుగొన్నవారి పేరు రాయరు. ఇది కృతఘ్నత కాదు. శాస్త్రం ఇలాగే పెరుగుతుంది, ఇలాగే పెరగాలి. నా అభ్యంతరమల్లా ఆ చెరిగిపోయిన భాగాన్ని సున్నాగా పరిగణించే మన అలవాటు మీదే.

పేరు చెరిగిపోవడానికి మరో దారి కూడా ఉంది, అది అంత సహజమైనది కాదు. హార్వర్డ్‌లో సుబ్బారావు గారికి శాశ్వత స్థానం దక్కలేదు. అదే ప్రయోగశాలలో తర్ఫీదు పొంది, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పిన మాట చరిత్రలో ఉంది. సుబ్బారావు వేరుచేసిన న్యూక్లియోటైడ్లలో కొన్నింటిని ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, వాటిని ఫిస్క్ వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమని ఆయన అన్నారు. అచ్చు కాని పనికి ఉదహరింపు ఉండదు. ఎన్ని ప్రయోగశాలల్లో ఎంతమంది చిన్న ఉద్యోగుల శ్రమ ఇలా సొరుగుల్లో ఉండిపోయిందో ఏ సూచికా చెప్పదు. ఈ విషయం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

1940లో ఆయన లెడర్లీకి మారారు. అక్కడ అధికారం ఆయన చేతిలో ఉంది. ఏ పత్రం మీదైనా మొదటి పేరుగా నిలవగలరు. కాలేయంలో ఉండే ఒక పోషకాన్ని, ఇవాళ మనం ఫోలిక్ ఆమ్లం అంటున్నదాన్ని, కృత్రిమంగా తయారుచేశామని ప్రకటించిన 1945 నాటి పత్రం చూడండి. పదహారు మంది పేర్లున్నాయి. రెండు ప్రయోగశాలల వారిని రెండు వరుసలుగా, ఒక్కో వరుసలో అక్షరక్రమంలో పేర్చారు. పరిశోధన సారథి సుబ్బారావు పేరు ఏడోది. ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్ ఎక్కడ వస్తుందో అక్కడ. తన పేరును పైకి జరుపుకోలేదు. ఆయన దిశానిర్దేశంలో సాగిన మరెన్నో పనుల మీద ఆయన పేరు అసలు లేదు. ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా లెడర్లీలో రూపొందిన అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 16 మందిలో 10 మందికి తాత్కాలికంగానైనా గుణం కనిపించింది. 1948 జూన్‌లో ఆ పత్రం వచ్చింది. క్యాన్సర్ రసాయన చికిత్స ఆది ఘట్టాల్లో అది ఒకటి. దాని సోదర అణువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల రక్త క్యాన్సర్‌కు, వారానికోసారి చిన్న మోతాదులో కీళ్లవాతానికీ వాడుతున్నారు. ఫార్బర్ పత్రం అచ్చయిన రెండు నెలలకే సుబ్బారావు గారు పోయారు.

ఉదహరింపులు తక్కువ చెప్పే సందర్భం ఇది. ఎక్కువ చెప్పే సందర్భమూ ఉంది, అది మన పసుపు చేల దాకా వచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి వైపు రైతులకు ఇది తెలియాలి. పసుపులోని కర్కుమిన్ కణ సంకేతాలను అదుపు చేస్తుందని, వాపులను, క్యాన్సర్‌ను ఆపుతుందని వేల పత్రాలు వచ్చాయి. ఈ రంగంలో ప్రపంచంలోనే అత్యధిక ఉదహరింపులు పొందినవారిలో ఒకరిగా పేరు పొందిన శాస్త్రవేత్త పత్రాలు, బొమ్మల విశ్వసనీయత మీద ప్రశ్నలు లేచి, పదుల సంఖ్యలో ఉపసంహరణకు గురయ్యాయి. 2017లో ఔషధ రసాయనికుల బృందం ఒకటి కర్కుమిన్ సాహిత్యాన్నంతా జల్లెడ పట్టింది. ఈ అణువు అస్థిరమైనదని, రక్తంలోకి సరిగా చేరదని, పరీక్ష గొట్టాల్లో దొంగ ఫలితాలు చూపే గుణం దానికి ఉందని, కఠినమైన వైద్య పరీక్షల్లో ఒక్కదానిలోనూ నిలవలేదని తేల్చింది. వంటింట్లో పసుపు విలువ దీనివల్ల తగ్గదు. రైతుకు న్యాయమైన ధర దక్కాలన్న మాటా మారదు. కానీ ఉపసంహరించిన పత్రాలను కూడా జనం ఉదహరిస్తూనే ఉంటారు, సూచిక వాటినీ కూడుతూనే ఉంటుంది. ఫిస్క్–సుబ్బారావు పత్రాన్ని ఉదహరించినవారిలో ఎక్కువమంది ఆ పద్ధతిని తమ చేత్తో చేసి చూసినవారు. రంగు రాకపోతే ఆ రోజే వదిలేసేవారు. ఒక పత్రాన్ని చదివి తలచుకోవడానికీ, దాన్ని చేసి నిలబెట్టుకోవడానికీ ఇంత అంతరం ఉంది. కూడికలో మాత్రం రెండూ ఒకటే.

ఇక ఆయన పని సారంగాపూర్‌కు వచ్చిన దారి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా బోదకాలు వ్యాధికి పేరుపడ్డ ప్రాంతం. మురుగునీటి దోమ కుట్టి, సన్నని పురుగులు లసిక నాళాల్లో చేరి, ఏళ్ల తర్వాత కాలు వాచి బరువెక్కిపోతుంది. ఆ పురుగు పిల్లలు పగలు రక్తంలో కనిపించవు, రాత్రి పొద్దుపోయాక బయటికి వస్తాయి. అందుకే ఆరోగ్య సిబ్బంది దీపాల వేళ దాటాక ఇళ్లకు వచ్చి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకుంటారు. ఈ పురుగు మీద పనిచేసే డైఇథైల్ కార్బమజైన్ మందును, హెట్రజాన్ అనే పేరుతో, లెడర్లీ బృందం 1947లో ప్రకటించింది. ఆ పత్రం మీద సుబ్బారావు పేరు ఉంది, చివరన. మాత్రల పంపిణీ రోజు ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి వయసు అడుగుతారు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు ఒక మాత్ర, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి రెండు, ఆపైన మూడు, తోడుగా అల్బెండజోల్ ఒకటి. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, జబ్బుతో మంచం పట్టినవారికి ఇవ్వరు. మింగేదాకా ఎదురుగా నిలబడి, రిజిస్టరులో గీత పెట్టి, పక్కింటికి వెళతారు. ఈ సభలో ఉన్న ఆశా సోదరీమణులు అలా ఎన్ని గడపలు తొక్కి ఉంటారో వారికే తెలుసు. ఆ రిజిస్టరులోని ప్రతి గీతా ఒక శాస్త్రవేత్త పని ఉపయోగపడిన గుర్తు. ఏ సైటేషన్ సూచికలోనూ అది చేరదు. కాలు వాచినవారికి ప్రభుత్వం పింఛను ఇస్తోంది, మంచిదే. మాత్ర వేళకు మింగి కాలు వాయకుండా ఉన్నవారిని ఎవరూ లెక్కించలేరు, తాము తప్పించుకున్నామని వారికీ తెలియదు.

సిరిసిల్ల నుంచి వచ్చిన చెల్లెళ్లకు మరొక్క సంగతి. గర్భిణీ స్త్రీల రక్తహీనతకు మూలం వెతుకుతూ 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు పరీక్షించింది బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లను. ఈస్టు సారంతో వాళ్లకు నయమైంది. అందులోని పదార్థమేమిటో పదిహేనేళ్ల దాకా తెలియలేదు. అది ఫోలిక్ ఆమ్లమని తేలి, కర్మాగారంలో తయారుచేయగలిగే స్థితికి వచ్చింది, ఇంతకు ముందు చెప్పిన ఆ పదహారు మంది చేతుల్లో. ఇవాళ మన ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి 180 రోజులు ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. మిల్లు కార్మికురాలి రక్తం నుంచి మొదలైన జ్ఞానం బీడీలు చుట్టే తల్లికీ, మరమగ్గం దగ్గర నిలబడే చెల్లెలికీ తిరిగి చేరింది.

అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒక్కటే. అభ్యర్థి పరిశోధనను పరిశీలించేటప్పుడు ఉదహరింపుల అంకెను చూడండి, హెచ్-సూచికను కూడా చూడండి. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ఇచ్చిన ఆ కొలత కొంతవరకు పనికొస్తుంది. కానీ అక్కడ ఆగకండి. ఈ పనిని ఎవరు తమ చేత్తో మళ్లీ చేశారు, చేస్తే నిలిచిందా, దాన్ని వాడుకుని మరొకరు కొత్తది కనుగొన్నారా అని అడగండి. ఆ జవాబుల కోసం పత్రాన్ని చదవాలి. చదవడానికి వ్యవధి లేని సంఘాలే అంకె మీద వాలిపోతాయి. అంకెల కోసం డబ్బు పుచ్చుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలు పుట్టుకొచ్చాయి, మన యువ పరిశోధకులు అప్పులు చేసి వాటికి కడుతున్నారు. ఇందులో దోషం యువకుల కంటే వారిని ఆ అంకె అడిగినవారిదే ఎక్కువ.

విద్యార్థుల విషయంలో నాకొక ఆచరణసాధ్యమైన కోరిక ఉంది. ఈ మండలంలోని ఉన్నత పాఠశాలల్లో, కళాశాలల్లో అమోనియం మొలిబ్డేట్, సజల గంధకామ్లం, ఆస్కార్బిక్ ఆమ్లం తెప్పించడం పెద్ద ఖర్చు కాదు. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో పిల్లలు తమ చేల మట్టి తెచ్చి, వడకట్టి, ఆ నీలిరంగును తామే చూడాలి. పరిమాణం తెలిసిన ద్రావణాలతో పోల్చి, చేనులో ఎంత భాస్వరం ఉందో రాసుకోవాలి. అవే నమూనాలను పొలాసకు పంపి వారి ఫలితంతో సరిచూసుకోవాలి. ఎక్కడైనా రంగు ఆలస్యంగా వస్తే, లేదా అంకెలు కలవకపోతే, దాన్ని కొట్టివేయకుండా తేదీతో సహా పుస్తకంలో నమోదు చేయించండి. ఈ వానాకాలం పంట ఇంటికి వచ్చేలోగా ఈ పని మొదలుపెట్టే పాఠశాలలకు కావలసిన ప్రయోగ సూచనలు తెలుగులో రాసిచ్చే బాధ్యత నేను తీసుకుంటాను.